ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: తెల్లవారుజామున చేయాల్సిన పని

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ జిల్లా నాంపల్లి మండలం. తొమ్మిది ఎకరాల బత్తాయి తోట ఉంది. 2021 మోడల్ వీ-క్రాస్ ఆటోమేటిక్ పికప్‌ను నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 96 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే తీసినప్పుడు రెండో గేరు నుంచి మూడుకు పడేటప్పుడు చిన్న కుదుపు ఇస్తోంది. వేడెక్కాక ఉండదు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడైనా మార్చారో లేదో పాత ఓనర్‌కే తెలియదు. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌లో అడిగితే మెషీన్ పెట్టి ఫ్లష్ చేయాలి, 18 వేలు అవుతుందన్నారు. ఇక్కడి మెకానిక్ ఏమో "అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకుంటే గేర్‌బాక్సే పోతది" అంటున్నాడు. బండికి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంత ఉందో చూసే పుల్ల) లేదు. ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను. ఇది కూడా ఇంట్లో చేసుకోవచ్చా? మా నాయన "గేర్లు లేని బండి ఎందుకు కొన్నవ్‌రా, బొలెరో తీసుకుంటే అయిపోవు గదా" అని రోజూ దెప్పుతున్నాడు. టెన్షన్‌గా ఉంది.
— నాంపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, చేసుకోవచ్చు. ఇంజిన్ ఆయిల్ మార్చే చేతికి ఇది రాని పనేమీ కాదు. కాకపోతే ఇంజిన్ ఆయిల్ మార్చినట్టే మారుస్తానంటే చెడుతుంది. ఇంజిన్‌లో ఆయిల్ పావు లీటరు అటూ ఇటూ అయినా బండి ఏమీ అనదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఊరుకోదు. నట్టు విప్పడం, ఆయిల్ దింపడం ఇందులో పెద్ద విద్య కాదు. ఎంత వేడి మీద ఎంత ఆయిల్ ఉండాలో పట్టుకోవడమే అసలు పని. మన నల్గొండ ఎండల్లో అది ఇంకాస్త కష్టం.

ముందు మీ మెకానిక్ మాట సంగతి చూద్దాం. అతను అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. లోపల ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ ప్లేట్లు ఏళ్ల తరబడి అరిగి, ఆ పొడి పాత ఆయిల్‌లో కలిసి ఉంటుంది. ప్లేట్లు పూర్తిగా అరిగిపోయిన బండిలో ఆ మడ్డి ఆయిలే కాస్త పట్టు ఇస్తుంటుంది. దాన్ని తీసి కొత్తది పోస్తే ఆ కాస్త పట్టూ పోయి గేర్లు జారడం మొదలవుతుంది. పైగా జనం ఆయిల్ సంగతి తలుచుకునేదే బండి మొరాయించాక. చివరి రోజున ఆస్పత్రికి తీసుకుపోయి డాక్టరే చంపాడన్నట్టు, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. బాగా నడుస్తున్న బండికి ఆ భయం అక్కర్లేదు. ఇక లైఫ్‌టైమ్ మాటకు జవాబు నీ బండి మాన్యువల్‌లోనే చూసుకో. సాధారణంగా మాన్యువల్స్‌లో మామూలు వాడకానికి ఒక పట్టిక, కష్టమైన వాడకానికి ఇంకొకటి ఉంటాయి. దుమ్ము, బరువు, ఎండ, దగ్గర దగ్గర ట్రిప్పులు: తోట నుంచి మార్కెట్‌కు బత్తాయి తోలే బండి ఏ పట్టికలోకి వస్తుందో నేను చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ వాళ్లు చెప్పిన మెషీన్ ఫ్లష్ తప్పేమీ కాదు. అయితే 96 వేల దాకా ఒక్కసారి కూడా మార్చలేదని అనుమానం ఉన్న గేర్‌బాక్స్‌కు మొదటిసారే మొత్తం మార్చడం నాకు ఇష్టం ఉండదు. అందులోనూ కొన్ని మెషీన్లు ప్రెషర్‌తో తోస్తాయి. అడుగున కూర్చున్న మడ్డి లేచి, ఏ గేరుకు ఆయిల్ పోవాలో మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో ఇరుక్కుంటే 18 వేలతో పోయేది కాదు. కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో మార్చడం మేలు. ఆ పద్ధతి ఇంట్లో చేసుకోవడానికి కూడా వీలైనది.

ఈ ఆయిల్ లోపల ఏం చేస్తుందో తెలిస్తే తర్వాతి జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. గేర్‌రాడ్డు బండిలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. నీ బండిలో ఆ స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంది. మజ్జిగ కుండ అనుకో. ఒక కవ్వం తిప్పితే మజ్జిగ తిరుగుతుంది. అదే మజ్జిగలో ఇంకో కవ్వం పెడితే అదీ తిరుగుతుంది. మొదటి కవ్వం ఇంజిన్‌ది, రెండోది గేర్‌బాక్స్‌ది, మధ్యలో మజ్జిగ మన ఆయిల్. అదే ఆయిల్ ఇంకోవైపు ప్రెషర్‌తో క్లచ్‌లను పట్టి గేరు వేస్తుంది, పళ్లకు కందెన అవుతుంది, లోపల పుట్టిన వేడిని కూలర్‌కు మోసుకుపోతుంది. ఇంజిన్ ఆయిల్‌కు ఇన్ని ఉద్యోగాలు లేవు.

చిలికితే మజ్జిగకు ఏమవుతుంది? నురగ వస్తుంది. గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎక్కువైతే తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగంటే గాలి. గాలి నలుగుతుంది, ప్రెషర్ నిలబడదు, గేర్లు జారతాయి, వేడి పెరుగుతుంది. తక్కువైనా అంతే, ఈసారి పంపే గాలి పీలుస్తుంది. ముఖ్యంగా మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోయినప్పుడు తెలుస్తుంది. ఎక్కువైనా తక్కువైనా జబ్బు ఒకటే కాబట్టి, "కొంచెం ఎక్కువే పోద్దాం, నష్టమేముంది" అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇక ఆయిల్ ముట్టుకునే ముందు రెండు పనులు. మొదటిది, బండి కింద ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు తిరుగుడు మోసుకుపోయే పొడుగు గొట్టాన్ని, చేత్తో అటూ ఇటూ కదిపి చూడు. జాయింట్ క్రాస్ లూజైనా, స్ప్లైన్ (షాఫ్ట్ ముందుకూ వెనక్కీ జరిగే పళ్ల జాయింట్) గ్రీజు లేక ఎండిపోయినా పికప్‌లలో గేరు మారేటప్పుడు టక్‌మంటుంది. జనం గేర్‌బాక్స్ అనుకుంటారు. గ్రీజు నిపుల్స్ ఉంటే గన్ పెట్టి నాలుగు పంపులు కొట్టు. పది నిమిషాల పని. నీ కుదుపు వేడెక్కాక పోతోందంటున్నావు కాబట్టి ఆయిల్ మీదే నా అనుమానం ఎక్కువ. అయినా చూడకుండా వదలకు.

రెండోది, ఆయిల్ ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేసి చూడటం. డిప్‌స్టిక్ లేదు కాబట్టి, ఇంజిన్ ఆపిన చల్లటి బండి కింద అడుగు నట్టును కాస్త వదులు చేసి చుక్క పట్టు, వెంటనే బిగించు. ఎరుపైనా, ఎరుపు కలిసిన గోధుమ రంగైనా, మాడు వాసన లేకపోతే నిశ్చింతగా ముందుకుపో. నల్లగా ఉండి, అడుగంటిన పప్పు లాంటి వాసన వస్తే, ఇంకా రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం కదలకపోయినా, లీవర్ డీలో, అంటే ముందుకు నడిపే గేరులో, వేశాక రెండు మూడు సెకన్లు ఆలస్యంగా పట్టుకున్నా, అక్కడే ఆగిపో. ఆ బండికి ముందు స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాలు, అంకెలు చదివే సాధనం), ఆ తర్వాతే ఆయిల్. గులాబీ రంగులో, పాలు కలిపినట్టు ఉంటే అది ఇంకో కథ. నల్గొండ వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కథ కాబట్టి ఇక్కడే చెబుతాను.

చాలా పికప్‌లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లార్చే కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. చుట్టూ కూలెంట్, మధ్యలో పైపులో ఆయిల్. మన దగ్గర కూలెంట్ తగ్గిందంటే చేతికందే మొదటి వస్తువు బోరు నీళ్ల మగ్గు. మన బోరు నీళ్లు ఎలాంటివో కొత్తగా చెప్పాలా? ఫ్లోరైడ్ తీయడానికి పటికతో, సున్నంతో చేసే పద్ధతికి దేశమంతా మన జిల్లా పేరే పెట్టుకున్నారు, నల్గొండ టెక్నిక్ అని. ఫ్లోరైడ్ మన ఎముకల బాధ, రేడియేటర్‌కు బాధ ఆ నీళ్లలోని సున్నపు ఉప్పు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టే పొర చూశావు కదా, అదే రేడియేటర్ లోపలా కడుతుంది. వేడి బయటికి పోదు. కొన్నేళ్లకు తుప్పు తిని పైపుకు చిల్లి పడితే కూలెంట్ ఆయిల్‌లో కలిసి పాల గులాబీ రంగు వస్తుంది. క్లచ్ ప్లేట్ల మీది పూతకు నీళ్లు విషం. ఆ రంగు కనబడితే బండి స్టార్ట్ కూడా చేయొద్దు, ట్రాలీ మీద ఎక్కించి తీసుకుపో. కనబడకపోయినా సరే, బోరు నీళ్లు పోసిన బండైతే ఆ రేడియేటర్‌ను కడిగించి, రెడీగా కలిపి అమ్మే కూలెంట్ పోయించు. గేర్‌బాక్స్ ఆయిల్ కొత్తది పోసి రేడియేటర్ అలాగే వదిలేయడం అంటే ఇల్లు అలికి పొయ్యిలో బూడిద ఉంచినట్టు.

ఆయిల్ కొనేటప్పుడు రంగు చూసి మోసపోకు. ఈ ఆయిల్‌ను ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అంటారు. "ఏటీఎఫ్ అంటే ఏటీఎఫే తమ్మీ, ఇగ దీంట్ల రకాలేంది" అని కౌంటర్ మీద ఎర్ర డబ్బా పెట్టే షాపులు దేవరకొండ నుంచి మిర్యాలగూడ దాకా ఉన్నాయి. ట్రాక్టర్ పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిలూ ఏటీఎఫే. కానీ నీ ఆరు గేర్ల పెట్టెకు కావలసింది అది కాదు. లీకైతే ఇంజిన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి కలిపిన రంగే ఆ ఎరుపు, రంగుకూ గుణానికీ సంబంధం లేదు. గుణం చిక్కదనంలో ఉంటుంది, క్లచ్ ప్లేటు ఎంత మెల్లగా, ఎంత గట్టిగా పట్టాలో తేల్చే మందుల్లో ఉంటుంది. ఆ మందుల సంగతి ఎంత సున్నితమంటే, 1970ల మొదటి దాకా అమెరికాలో ఏటీఎఫ్‌లో తిమింగలం నూనె కలిపేవారు. తిమింగలాలను కాపాడే చట్టాలొచ్చి ఆ నూనె ఆగిపోయాక సాటి వచ్చే మందు దొరక్క కొంతకాలం అక్కడ గేర్‌బాక్స్‌లు వరుసగా పాడయ్యాయి. అందుకే మాన్యువల్‌లో ఏ పేరు అచ్చువేసి ఉందో ఆ పేరే డబ్బా మీద ఉండాలి. బండి కంపెనీ షోరూమ్ కౌంటర్‌లో, బిల్లుతో, సీల్ చూసి కొను. దింపేదాని కంటే ఒక లీటరు ఎక్కువ తెచ్చిపెట్టుకో. పొద్దున ఐదు గంటలకు ఏ షాపూ తెరిచి ఉండదు. దాంతో పాటు నట్లకు కొత్త వాషర్లు కూడా.

ఐదు గంటలకు ఎందుకంటే, వేడికి ఆయిల్ పెరుగుతుంది. పది లీటర్ల ఆయిల్ 40 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు పోతే దాదాపు 350 నుంచి 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. పావులీటరు సీసా నిండి ఇంకా మిగులుతుంది. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లలో లెవెల్ చూసే పద్ధతి ఈ పెరుగుదల మీదే ఆధారపడి ఉంది. ట్యాంకు నిండితే నీళ్లు బయటికి పోవడానికి ఓవర్‌ఫ్లో పైపు పెట్టుకుంటాం కదా, అలాగే గేర్‌బాక్స్ అడుగు తట్టలో నిలువుగా చిన్న గొట్టం ఉంటుంది, దాని కింద నట్టు. ఇంజిన్ నడుస్తూ, ఆయిల్ మాన్యువల్ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు ఆ నట్టు విప్పితే, గొట్టం అంచు దాటిన ఆయిల్ కారిపోతుంది. కారడం ఆగి చుక్కలు పడే దశలో నట్టు పెడితే లెవెల్ సరిపోయినట్టు. ఆ వేడి చాలా జపాన్ తరహా గేర్‌బాక్స్‌లకు 35 నుంచి 45 డిగ్రీల మధ్యలో ఎక్కడో ఉంటుంది. నీ బండికి మాన్యువల్‌లో రాసిన అంకె ఏదైతే అదే వేదం.

ఇప్పుడు మన ఊరిని తలుచుకో. మే నెలలో మధ్యాహ్నం నీడలోనే 44 డిగ్రీలు. రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండిలో ఆయిల్ స్టార్ట్ చేయకముందే ఆ గీత దాటేసి ఉంటుంది. అప్పుడు నట్టు విప్పితే పెరిగిన ఆయిల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ కారిపోతుంది. చుక్కలు పడ్డాయి, సరిపోయిందని మూసేస్తావు. మర్నాడు చల్లటి పొద్దున చూస్తే లోపల ఆయిల్ తక్కువ. చలిదేశాల వాళ్లు చేసిన వీడియోలు చూసి నేర్చుకున్నవాడికి ఈ మాట ఎవరూ చెప్పరు. వాళ్ల బాధ ఆయిల్ వేడెక్కక, మన బాధ చల్లారక.

నాకూ ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల కింద ఒక వేసవిలో, పన్నెండు గంటల ఎండలో, నా సొంత ఆటోమేటిక్ కారుకు ఈ పని చేశాను. అంతా పద్ధతి ప్రకారమే చేశాననుకున్నా. వేడి కొలిచే సాధనం మాత్రం నా అరచెయ్యి. "గోరువెచ్చగానే ఉంది" అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున పెళ్లికి బయలుదేరితే డీ వేసినా కారు కదలదు, కాసేపటికి ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక్కసారి ముందుకు దూకింది. కొలిస్తే అర లీటరు తక్కువ. గేర్‌బాక్స్ బతికింది, నా అదృష్టం. పెళ్లికి మాత్రం బస్సులోనే పోయాం.

అందుకే, వీలైతే డిసెంబర్, జనవరి నెలల్లో పెట్టుకో. పొద్దున 17, 18 డిగ్రీలుంటే ఆయిల్ మెల్లగా వేడెక్కుతుంది, కొలవడానికి నీకు తీరిక దొరుకుతుంది. ఎండాకాలంలో చేయక తప్పకపోతే తెల్లవారుజామునే, రాత్రంతా బయట ఆరుబయట నిలబెట్టిన బండి మీద. ఆ కాలంలో నీకు దొరికేది ఒకే అవకాశం. పని మధ్యలో ఆ వేడి దాటిపోతే ఆ రోజుకు వదిలెయ్, సాయంత్రం చల్లబడ్డాక చేద్దామనుకోకు. మన దగ్గర మే సాయంత్రం చల్లబడదు.

బండి నిలిపే నేల సమంగా ఉండాలి. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ లేకుండానే కిందికి దూరొచ్చు. అది నీకు కలిసొచ్చే విషయం. ముందు చక్రాలు మాత్రమే లేపితే లెవెల్ తప్పుతుంది. కల్లంలో చేసేటట్టుంటే నీటిమట్టం గొట్టం పెట్టి చూసుకో, కంటికి సమంగా కనిపించేది సమం కాదు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు, హ్యాండ్‌బ్రేక్ లాగు.

విప్పేటప్పుడు ఈ వరుస మర్చిపోకు: ముందు ఆయిల్ పోసే నట్టు, ఆ తర్వాతే దింపే నట్టు. పోసే నట్టు తుప్పు పట్టి రాకపోయినా, తల నలిగిపోయినా అప్పుడే ఆగిపోవచ్చు, లోపల పాత ఆయిల్ ఉంది కాబట్టి బండి నడుస్తుంది. దింపేశాక పోసే నట్టు రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. ఇది చాలా మందికి జరిగింది.

కొన్నిట్లో దింపే నట్టు వేరు, లెవెల్ చూసే నట్టు వేరు. కొన్నిట్లో రెండూ ఒకటే. అలాంటి వాటిలో నట్టు తీస్తే కాసింత కారి ఆగిపోతుంది, అంతే ఉందనుకుంటారు. లోపల ఆ నిలువు గొట్టాన్ని అలెన్ కీతో విప్పితేనే తట్ట ఖాళీ అవుతుంది. తిరిగి ఆయిల్ పోసే ముందు ఆ గొట్టం బిగించడం మరువకు.

పాత ఆయిల్‌ను గీతలున్న పారదర్శక డబ్బాలోకి పట్టి ఎంత వచ్చిందో రాసుకో. సుమారు మూడు, నాలుగు లీటర్లు రావచ్చు. రాత్రంతా చల్లబడ్డ ఆయిల్‌నే దింపమనడంలో ఒక లాభం ఉంది. పాతదీ కొత్తదీ ఒకే చల్లదనంలో ఉంటే ఎంత దింపావో అంత పోస్తే లెక్క సరిపోతుంది. తిరిగొచ్చిన బండి నుంచి 90 డిగ్రీల ఆయిల్ నాలుగు లీటర్లు దింపి, డబ్బాలోంచి చల్లటిది నాలుగు లీటర్లు పోస్తే దాదాపు 200 మిల్లీలీటర్లు ఎక్కువ పోసినట్టే. ఇంజిన్ ఆయిల్ వేడి మీద దింపాలనే అలవాటును ఇక్కడికి తేవద్దు.

పోయడానికి చేతిపంపు కావాలి, పోసే నట్టు గేర్‌బాక్స్ పక్క గోడకు ఉంటుంది కాబట్టి గరాటు పనిచేయదు. అంతే కొలతతో పోసి, నట్లు చేత్తో బిగించి, ఇంజిన్ స్టార్ట్ చెయ్. బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టి గేరు లీవర్‌ను పీ నుంచి ఆర్, ఎన్, డీ దాకా మెల్లగా తీసుకుపో, ఒక్కో దగ్గర ఐదు సెకన్లు ఆపు, తిరిగి పీ లోకి తెచ్చి దిగు. ఏసీ ఆఫ్‌లో ఉండాలి. వేడి చూడటానికి గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూపే స్కానర్ అయితే మంచిది. చౌక స్కానర్లు చాలావరకు ఇంజిన్‌ది మాత్రమే చూపిస్తాయి, కొనేటప్పుడు అడుగు. అది లేకపోతే జ్వరం చూసే తుపాకీ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను తట్ట అడుగుకు గురిపెట్టు. జ్వరం చూసేది కాదు, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేది. లోపలి వేడి కంటే అది రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపొచ్చు. అంకె చేరగానే, ఇంజిన్ నడుస్తుండగానే, లెవెల్ నట్టు విప్పు. సన్నటి ధార వచ్చి చుక్కలకు తగ్గితే మూసెయ్. ఏమీ రాకపోతే కొంచెం కొంచెంగా పంపుతో పోస్తూ, ధార వచ్చాక అది చుక్కలయ్యేదాకా ఆగు.

ఈ ఘడియలో నువ్వు నడుస్తున్న బండి కింద ఉన్నావు. సీట్లో పిల్లల్నెవర్నీ కూర్చోబెట్టకు, "అన్నా, రేస్ ఇయ్యమంటవా" అనేవాళ్లను అసలే దగ్గరికి రానివ్వకు. సైలెన్సర్ పైపు పక్కనే ఉంటుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకో. షెడ్డు తలుపులు తీసి ఉంచు.

నట్లు బిగించేటప్పుడు రెంచికి పైపు తొడిగి ఊగొద్దు. లోడు బండ్లకు అలవాటైన చెయ్యి ఆగదు, నాకు తెలుసు. అల్యూమినియంలో మర పోతే గేర్‌బాక్స్ దింపాల్సి వస్తుంది. ఎంత బిగించామో కొలిచి చూపే టార్క్ రెంచి అద్దెకు దొరుకుతుంది.

తట్ట విప్పి లోపలి ఫిల్టర్, అయస్కాంతాలు శుభ్రం చేయాలా అని అడుగుతావు. మంచిదే, కానీ తోట దగ్గర మాత్రం వద్దు. ఒక్క గాలి తెరకు వచ్చే ఎర్రమట్టి చాలు. తుడవడానికి వాడే బనియన్ వేస్ట్‌లోంచి రాలే నూలుపోగు కూడా వాల్వ్‌ను ఇరికిస్తుంది. ఆ పని రెండో విడతలో, మూసిన షెడ్డు ఉన్న మంచి మెకానిక్ దగ్గర చేయించు. అప్పుడు నువ్వు పక్కనే నిలబడి అయస్కాంతం చూడు. బూడిద రంగు ముద్ద ఉంటే మామూలే. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే మామూలు కాదు.

ఒక్కసారి దింపితే మొత్తం మారదు. మిగతా ఆయిల్ టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. ప్రతిసారీ 40 శాతం మారుతుందనుకుంటే మొదటిసారికి 40, రెండోసారికి 64, మూడోసారికి 78 శాతం కొత్త ఆయిల్ అవుతుంది. మధ్యలో రెండు వేల కిలోమీటర్లు తిప్పు. మూడు విడతలకూ ఆయిల్ ఖర్చు కలుపుకున్నా హైదరాబాద్ లెక్క కంటే ఎక్కువేమీ కాదు. ఆ తర్వాత లోడు బండికి నేనైతే 50 వేల కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను. కుదుపు మొదటి విడతతోనే తగ్గకపోతే కంగారు పడకు, గేర్లు మార్చే బండి కంప్యూటర్ కొత్త ఆయిల్‌కు అలవాటు పడటానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. మూడు విడతల తర్వాతా ఉంటే అప్పుడు స్కానర్ పెట్టించు.

దింపిన ఆయిల్‌ను చెదలకని కంచె గుంజలకు పూయకు, బోరు పక్క గుంతలో అసలే పోయకు. చట్టం దృష్టిలో వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోనే పట్టి, వేస్ట్ ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు ఇచ్చెయ్.

ఇక నీ ఉత్తరంలో నువ్వు రాయని సంగతి ఒకటి: ఒక్కో ట్రిప్పుకు ఎన్ని క్రేట్లు వేస్తున్నావు? ఆర్‌సీలో ఖాళీ బండి బరువు, మొత్తం బరువు రెండూ ఉంటాయి. ఆ తేడాలోంచి మనుషుల బరువు తీసేస్తే మిగిలేదే క్రేట్లకు. వీ-క్రాస్ సామాన్ల కోసమే కట్టిన బండి కాదు, లెక్క వేసి చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు. ఆయిల్‌ను కాల్చేది బరువే. 80 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. వానాకాలంలో నల్లరేగడిలో దిగబడ్డప్పుడు డీ, ఆర్, డీ, ఆర్ అంటూ ఊపి తీయడం కూడా బరువంత చేటే. చక్రం ఆగి కన్వర్టర్ మాత్రం తిరుగుతుంటే ఆ వేడంతా ఆయిల్‌లోకే. ట్రాక్టర్‌ను పిలిచి తాడు కట్టించు.

మీ నాయన మాటకొస్తే, ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. క్రేట్లు మోయడానికే అయితే బొలెరో పికప్ ఈ గోలంతా పెట్టదు. ఆ మాట కొనక ముందు నన్నడిగితే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇప్పుడు బండి నీ కొట్టంలో ఉంది. ఆయన్ను తెల్లవారుజామున లేపి టార్చిలైట్ పట్టుకోమను, దింపిన ఆయిల్ చూస్తూ ఏమంటాడో విను.

మొదట ఆ చుక్క సంగతి తేల్చు. తెల్లగుడ్డ మీద వేసి, పొద్దటి వెలుతురులో ఫొటో తీసి పంపు. ట్యూబ్‌లైట్ కింద తీయకు, ఎరుపు గోధుమగా కనిపిస్తుంది. అది చూశాకే ఆయిల్ కొను.